లేదని రాయడానికీ కనబడలేదని రాయడానికీ మధ్య

దినపత్రికలో రాత్రి డెస్కు మీద పనిచేసేవాడికి ఒక అలవాటు పడుతుంది. బస్సు ప్రమాదం వార్త పంపిన విలేకరి చివర్లో "మృతులెవరూ లేరు" అని రాస్తే, ఆ వాక్యాన్ని అలాగే పేజీలోకి పోనివ్వకుండా "ప్రాణనష్టం జరిగినట్లు రాత్రి 11 గంటల వరకు సమాచారం లేదు" అని దిద్దుతాడు. పొద్దున పాఠకుడి చేతికి పేపరు అందేసరికి ఆసుపత్రిలో ఎవరో ఒకరు కన్నుమూసి ఉండొచ్చు. అప్పుడు విలేకరి వాక్యం అబద్ధమవుతుంది, దిద్దిన వాక్యం అవదు. ఇరవై రెండేళ్లుగా ఇలాంటి వాక్యాలను దిద్ది జీతం తీసుకుంటున్న నేను, మా అక్క గుండె ఆపరేషన్‌కు ముందు ఇచ్చిన ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులోని చివరి వరుసను మాత్రం ఒకటికి రెండుసార్లు చదివి, తృప్తిగా మడిచి ఫైలులో పెట్టాను. "నో ఎల్‌ఏ క్లాట్" అని ఉంది అక్కడ. గుండె పైగదుల్లో ఒకటైన ఎడమ కర్ణికలో రక్తపు గడ్డ లేదని దాని అర్థం. పద్నాలుగు రోజుల తర్వాత, 2024 ఆగస్టులో, హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్ బల్ల మీద ఆ గడ్డ బయటపడింది.

థియేటర్ తలుపు తీసుకుని వచ్చి మాకు ఆ సంగతి చెప్పిన యువ డాక్టరు "అనుకోకుండా" అన్న మాట వాడారు. ఆ మాట మీదే నా పేచీ. మా అక్కకున్న జబ్బులో, ఆమె గుండె లయ తప్పి కొట్టుకుంటున్న తీరులో, కర్ణికలో గడ్డ ఉండటం ఏ గుండె డాక్టరుకూ వింత సంగతి కాదు. అనుకోనిది మేమొక్కళ్లమే. మేమెందుకు అనుకోలేదంటే, అనుకోవలసిన అవసరం లేదని ఒక కాగితం మాకు రాతపూర్వకంగా హామీ ఇచ్చింది కనుక. అక్క ఇప్పుడు క్షేమంగా ఉంది, చైతన్యపురిలో తన ఇంట్లో తన వంట తానే వండుకుంటోంది. కాబట్టి ఇది ప్రాణం పోయిన ఇంటివాళ్ల ఆక్రోశం కాదు. ఎవరి మీదా కేసు వేసే ఉద్దేశం మాకు లేదు, ఆ సర్జన్ చేతి నైపుణ్యానికి చేతులెత్తి దండం పెడతాను. అంతా బాగా జరిగాక కూడా మిగిలిపోయిన ప్రశ్న గనుకే దీన్ని నింపాదిగా రాయగలుగుతున్నాను.

అక్క జబ్బు మూలం సూర్యాపేట దగ్గర మా ఊళ్లో, 1989లో ఉంది. ఆమెకప్పుడు పదకొండేళ్లు. గొంతు నొప్పి వచ్చి తగ్గింది. రెండు మూడు వారాలకు జ్వరం, మోకాలు వాపు. మోకాలు తగ్గిందనుకుంటే మడమ, మడమ తగ్గిందనుకుంటే మోచెయ్యి. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు కీళ్లవాతమని గోలీలిచ్చాడు. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి మీదికి శరీరం ఎక్కుపెట్టిన ఆయుధం గురి తప్పి గుండె కవాటాలకు, అంటే వాల్వులకు, తగులుతుందనీ, అది మళ్లీ మళ్లీ తగలకుండా 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది వేయించుకుంటూ పోవాలనీ పేటలో ఒక పిల్లల డాక్టరు చెప్పాక, నాన్న ఏడేనిమిదేళ్లు క్రమం తప్పకుండా వేయించాడు. 1998లో పెళ్లయి హైదరాబాదు వచ్చాక సూదులు ఆగిపోయాయి. ఎందుకాగాయో ఎవరమూ సరిగ్గా చెప్పలేం. కొత్త కోడలు మూడు వారాలకోసారి ఆసుపత్రికి పోతానంటే అత్తగారింట్లో ఏమనుకుంటారోనన్న బెరుకే అయి ఉంటుంది. 2003లో రెండో కాన్పుకు ముందు ఆయాసం వస్తే, ఎడమ కర్ణికకూ దాని కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వు సన్నబడిందని తేలింది. గర్భంతో ఉన్నప్పుడు రక్తం పరిమాణం పెరుగుతుంది కాబట్టి, అన్నాళ్లూ దాగిన ఈ జబ్బు చాలామంది ఆడవాళ్లలో అప్పుడే బయటపడుతుంది. మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవలసిన ఆ తలుపు అక్కకు 1 చదరపు సెంటీమీటరు దగ్గర ఉంది.

2009లో బెలూన్ వేశారు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, గుండె మధ్య గోడకు రంధ్రం చేసి, వాల్వులో బుడగ ఊది తలుపు రెక్కలను విడదీసే ఈ పద్ధతిని జపాన్ సర్జన్ కాంజి ఇనోవే 1982లో మొదటిసారి చేశారు. మన దేశంలో ఈ జబ్బున్న పేదవాళ్లకు అది వరమైంది. ఆ బెలూన్‌కు ముందు రోజు అక్కకు గొంతులోంచి దించే ఎకో చేశారు. టీఈఈ అంటారు. ఆ రోజు ఆమె పడ్డ ఇబ్బంది నాకు బాగా గుర్తుంది: ఆరు గంటల ఉపవాసం, గొంతు మొద్దుబారడానికి చేదు మందు స్ప్రే, వేలు మందాన ఉన్న గొట్టాన్ని మింగమంటే వచ్చే వాంతి, కళ్లలో నీళ్లు. "జల్మల ఇంకోపారి వద్దు" అని బయటికి వచ్చింది. కర్ణికలో గడ్డ ఉంటే బెలూన్ వేయకూడదు, లోపల తిరిగే గొట్టం దాన్ని కదిలిస్తే నేరుగా మెదడుకు పోతుంది, అందుకే ఈ పరీక్ష తప్పదని అప్పటి డాక్టరు మాకు విడమరిచి చెప్పారు. పదిహేనేళ్ల తర్వాత, వాల్వు మార్చడానికి ఛాతీ తెరిచే ఆపరేషన్‌కు ముందు ఆ పరీక్ష ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు, అక్క పడిన బాధ గుర్తుండి, తప్పించుకున్నామని లోలోపల సంతోషించాం కూడా.

ఛాతీ మీద జెల్ రాసి చేసే మామూలు ఎకోకూ ఈ పరీక్షకూ తేడా ఏమిటో ఆపరేషన్ అయ్యాకే శ్రద్ధగా తెలుసుకున్నాను. గుండెలో ఎడమ కర్ణిక అన్నిటికంటే వెనక ఉంటుంది, వెన్నెముక వైపు. ముందు నుంచి చూసే యంత్రానికి అది ఇంటి వెనక గది. ఎముకలు, ఊపిరితిత్తులు, మిగిలిన గుండె గదులు దాటి చూడాలి. ఆ వెనక గదికి ఒక సొరుగులాంటి చిన్న సంచి వేలాడుతూ ఉంటుంది, బొటనవేలంత. దాన్ని ఆపెండేజ్ అంటారు. గుండె సక్రమంగా కొట్టుకున్నంత కాలం ఆ సంచి కూడా ముడుచుకుని రక్తాన్ని బయటికి తోస్తుంది. లయ తప్పి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మొదలైతే కర్ణిక ముడుచుకోవడం మాని వణుకుతుంది. అలుగు దగ్గర పారే నీరు పారుతూనే ఉన్నా చెరువు మూలన నాచు పేరుకున్నట్టు, సంచిలో రక్తం నిలిచిపోతుంది. రక్తం నిలవడం, గోడ దెబ్బతినడం, రక్తంలోనే గడ్డకట్టే గుణం పెరగడం, ఈ మూడూ గడ్డకు కారణాలని జర్మనీలో రుడాల్ఫ్ విర్కో 1856 నాటికే చెప్పారు. అన్నవాహిక సరిగ్గా ఎడమ కర్ణికకు వెనక ఆనుకుని దిగుతుంది కాబట్టి, గొట్టం మింగించి అక్కడి నుంచి చూస్తే ఆ సొరుగు పక్కింటి కిటికీలోంచి చూసినట్టు కనబడుతుంది. ముందు నుంచి చూస్తే చాలామందిలో అది దాదాపు కనబడదు.

గడ్డలు ఎక్కడుంటాయో లెక్కవేసిన పాత అధ్యయనాలను క్రోడీకరించి 1996లో ఒక వ్యాసం వచ్చింది, ఇప్పటికీ గుండె డాక్టర్లు దాన్ని ఉటంకిస్తారు. వాల్వు జబ్బు లేకుండా లయ తప్పినవాళ్లలో ఎడమ కర్ణిక గడ్డల్లో సుమారు 90 శాతం ఆ సంచిలోనే ఉన్నాయి. అక్కలాంటి కీళ్లవాత జ్వరం గుండె జబ్బు ఉన్నవాళ్లలో సుమారు 57 శాతం సంచిలో, మిగిలినవి గదిలోనే. అంటే అక్కకు గడ్డ ఉన్న పక్షంలో అది ముందు నుంచి చూసే యంత్రానికి అందని మూలన ఉండే అవకాశం సగానికి పైనే. ఆ మూలను చూడకుండానే "నో" అన్న ఒక్క అక్షరం అక్కడ పడింది. "సంచి కనబడలేదు, కనబడిన మేరకు గడ్డ లేదు" అని రాసి ఉంటే, వైద్యం తెలియని నేను కూడా కనబడని చోట ఏముందని అడిగేవాణ్ణి. అడగడానికి కావలసిన సందును ఆ వాక్యం మూసేసింది.

తప్పు ఒక్క రిపోర్టుదే అనడం అన్యాయం. లయ తప్పినప్పటి నుంచి అక్క రక్తం పలుచబడే గోలీలు వాడుతోంది. ఆ గోలీ సరిపోతోందో లేదో నెలనెలా ఐఎన్ఆర్ అనే రక్తపరీక్షలో చూసుకోవాలి, ఆ అంకె 2కూ 3కూ మధ్య ఉండాలి. ఆషాఢ బోనాలు, మేనకోడలి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్, బావ దుకాణంలో సరుకు లెక్కలు, వీటి మధ్య జూన్, జులై పరీక్షలు ఎగిరిపోయాయి. ఆగస్టులో చూస్తే 1.4. దానికి తోడు, ఆపరేషన్‌లో రక్తస్రావం కాకుండా నాలుగు రోజుల ముందు గోలీలు ఆపమన్నారు, ఆపాం. తర్వాత ఒక అత్యవసర కేసు రావడంతో ఆపరేషన్ ఆరు రోజులు వాయిదా పడింది. ఆ ఆరు రోజులు గోలీలు మళ్లీ మొదలుపెట్టాలా, బదులుగా రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఇంజెక్షన్లు తీసుకోవాలా అన్నది ఎవరూ చెప్పలేదు. వాయిదా సంగతి ఫోన్లో చెప్పిన అమ్మాయి అడ్మిషన్ కౌంటర్‌లో పనిచేసేది. ఆమెకు చెప్పవలసినది తారీఖు మాత్రమే. మేమూ తారీఖు రాసుకుని ఫోన్ పెట్టేశాం. పది రోజులపాటు అక్క రక్తానికి ఏ కాపలా లేదు.

ఆ రోజు పొద్దున ఏడున్నరకు లోపలికి తీసుకెళ్లారు. పది నలభైకి ఆకుపచ్చ బట్టల్లో, మాస్కు గడ్డం కిందికి లాక్కుని ఆ యువ డాక్టరు వచ్చారు. చేతిలో ఒక ఫారం. మత్తు ఇచ్చాక గొంతులోంచి ఎకో పెట్టారని, ఎడమ కర్ణికలో అనుకోకుండా పెద్ద క్లాట్ కనిపించిందని, అందువల్ల పక్షవాతం ప్రమాదం పెరిగిందని, ఆ సంగతి మాకు తెలియజేసినట్టు ఇంకో సంతకం కావాలని చెప్పారు. మర్యాదగానే చెప్పారు, కంగారు కూడా కనబడింది ఆ అబ్బాయి మొహంలో. బావ పెన్ను తీసుకుని, పెట్టకుండా ఆగి, "పెట్టకపోతే ఏం జేస్తరు సార్?" అని అడిగాడు. ఎదురు తిరగడానికి అడిగిన ప్రశ్న కాదది. నిజంగానే తెలియక అడిగాడు. ఆ డాక్టరు ఒక్క క్షణం నేల చూసి, "ఛాతీ తెరిచే ఉందండీ" అన్నారు. బావ సంతకం పెట్టాడు. ఆ సంతకం ఇప్పటికీ కేసు షీటులో ఉంటుంది. దాన్ని సమ్మతి అంటారు. నిద్రలో ఉన్న మనిషి తరఫున, తిరిగి మూసే వీలు లేని స్థితిలో, నలభై సెకన్లలో తీసుకున్న సంతకాన్ని ఏమనాలో నా దగ్గర మాట లేదు, మాటలతోనే బతికేవాణ్ణయినా.

లోపల ఏం జరిగిందో మర్నాడు సాయంత్రం సర్జన్ ఓపికగా చెప్పారు. తన కంప్యూటర్‌లో ఆ ఎకో వీడియో కూడా చూపించారు. నల్లటి గదిలో సాంబ్రాణి పొగలా బూడిదరంగు సుడులు నెమ్మదిగా తిరుగుతున్నాయి. రక్తం మందగించినప్పుడు అలాగే కనబడుతుందట, దాన్ని వాళ్లూ పొగ అనే అంటారు. ఆ పొగ చివర, సంచి మూతి దగ్గర, ఒక తెల్లని ముద్ద గుండె కొట్టుకున్నప్పుడల్లా తల ఊపుతోంది. చాలాసేపు చూశాను. మామూలుగా అయితే గుండెను చేత్తో కాస్త ఎత్తి, పక్కకు జరిపి గొట్టాలు అమరుస్తారు. ఆ ముద్దను చూశాక గుండెను వీలైనంత ముట్టుకోకుండా గొట్టాలు పెట్టి, గుండె, ఊపిరితిత్తుల పనిని తాను చేసే హార్ట్ లంగ్ మెషిన్ మీదికి మార్చి, ముందుగా మెదడుకు పోయే దారిని, అంటే బృహద్ధమనిని, క్లాంపుతో బిగించి, గుండెను ఆపి, ఆ తర్వాతే కర్ణికను తెరిచారు. ముద్దను విరగకుండా తీశారు. సెలైన్‌తో ఒకటికి నాలుగుసార్లు కడిగారు. సంచి మూతిని లోపలి నుంచి కుట్టేశారు. పాడైన వాల్వు తీసి లోహపు వాల్వు అమర్చారు. ల్యాబుకు పంపే ముందు ఆ ముద్దను మాకు ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో చూపించారు. పాత చింతపండు ఉండలా ఉంది, రంగూ అదే, ఒక పక్క మాత్రం ఉల్లిపొరల్లా తెల్లగా పేరుకుని ఉంది. ఆ పొరలను బట్టి అది పది రోజుల్లో పుట్టింది కాదు, కొన్ని నెలలదని సర్జన్ అన్నారు. అంటే రిపోర్టు రాసిన రోజున కూడా అది అక్కడే ఉంది.

ముందే ఎందుకు చూడలేదని నేను అడిగినప్పుడు సర్జన్ ఇచ్చిన జవాబు తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. "ముందే తెలిసినా చేసేది ఇదే ఆపరేషన్ కదండీ. ఎలాగూ థియేటర్‌లో మత్తులో ఉండగా టీఈఈ పెడతాం, అప్పుడు తెలుస్తుంది. మెలకువలో ఉన్న మనిషికి ఆ బాధ ఎందుకు?" నిజమే. బెలూన్ విషయంలో గడ్డ ఉంటే చికిత్సే మారుతుంది, ఇక్కడ మారదు. ఫలితం మార్చని పరీక్షను రోగి చేత చేయించకపోవడం మంచి వైద్యమే. గుండెలో గడ్డ ఉండటం ఒక్కోసారి ఆపరేషన్ చేయడానికే కారణమవుతుంది కూడా. కానీ ఆయన మాటలోనే ఆయనకు తెలియకుండా నా వాదనకు ఆధారం ఉంది. "అప్పుడు తెలుస్తుంది" అన్నారు. అంటే లోపలికి వెళ్లేటప్పుడు ఆయన మనసులో "ఉండొచ్చు" ఉంది. మా ఫైలులో "లేదు" ఉంది. ఒకే రోగి గురించి డాక్టరు దగ్గర ఒక వాక్యం, ఇంటివాళ్ల దగ్గర ఇంకో వాక్యం. ఆయన అనుకున్నదాన్ని మాకు చెప్పేటప్పటికి అది "అనుకోకుండా" ఎలా అయింది?

ఆపరేషన్ మారదు గనుక ముందే తెలుసుకోనక్కరలేదన్నది అన్ని గుండెలకూ వర్తించదు. గుండెపోటు వచ్చి ఎడమ జఠరిక (గుండె కింది గది) కొన దగ్గర గోడ చచ్చుబడినవాళ్లలో అక్కడ కూడా గడ్డ పేరుకుంటుంది. మామూలు ఎకోలో ఆ కొన ఒక్కోసారి సరిగ్గా రాదు, కాంట్రాస్ట్ మందు ఇచ్చి చేసిన ఎకోలోనో ఎంఆర్ఐలోనో మెరుగ్గా తెలుస్తుంది. అలాంటివాళ్లకు గుండె కొట్టుకుంటూ ఉండగానే బైపాస్ చేయాలనుకుంటే, వెనక రక్తనాళాలను చేరడానికి గుండెను ఎత్తి తిప్పవలసి వస్తుంది. లోపల గడ్డ ఉందని తెలిస్తే ఆ పద్ధతే మానుకుని మెషిన్ మీద చేస్తారు. అక్క విషయంలోనైనా, ముందే తెలిస్తే వాయిదా పడిన ఆ ఆరు రోజులు మందు లేకుండా గడిచేవా?

యంత్రాలు లేని రోజుల్లో ఈ గడ్డ మీద సర్జన్లకు ఎంత అనుమానం ఉండేదో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1925లో లండన్‌లో హెన్రీ సూటర్ సన్నబడిన మైట్రల్ వాల్వును వేలితో విడదీశారు. ఆ వేలు లోపలికి దూర్చింది ఈ సంచిలోంచే. 1948 తర్వాత ఆ పద్ధతి ప్రపంచమంతటా పాకింది, మన దేశంలోనూ దశాబ్దాలపాటు వేలమందికి అలాగే చేశారు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, లోపల ఏముందో కంటికి కనబడదు, వేలి కొసకు తగిలితేనే తెలుస్తుంది. అందువల్ల సంచి కొన కోశాక వెంటనే వేలు పెట్టకుండా, ఒక్క దూకు రక్తాన్ని బయటికి చిమ్మనిచ్చి, గడ్డ ముక్కలేమైనా ఉంటే కొట్టుకుపోయేలా చేసేవారు. ఏ రిపోర్టూ "లేదు" అని చెప్పకపోవడం వల్ల ఉందన్నట్టే ప్రవర్తించారు. మన చేతికి యంత్రం వచ్చాక ఆ అనుమానం యంత్రానికి అప్పగించాం. యంత్రం చూడని చోటును కూడా చూసినట్టే లెక్కవేసుకున్నాం.

మా నగరానికి ఇలాంటి పాఠం కొత్త కాదు. ఆఫీసుకు పోతూ అఫ్జల్‌గంజ్ మీదుగా బస్సు వెళ్లినప్పుడల్లా నాకు క్లోరోఫామ్ కమిషన్ గుర్తొస్తుంది. 1888లో, మళ్లీ 1889లో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బుతో ఇక్కడి వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ వందలాది జంతువులకు క్లోరోఫామ్ అనే మత్తుమందు ఇచ్చి పరీక్షించి, అది ప్రాణం తీసేది శ్వాసను ఆపడం వల్లేనని, గుండె మీద నేరుగా దెబ్బ కొట్టదని తేల్చారు. మత్తు ఇచ్చేవాడు శ్వాసను చూసుకుంటే చాలు, నాడి మీద చెయ్యి వేయనక్కరలేదన్నది ఆయన పట్టు. లండన్ పత్రికల్లో అప్పట్లో అదొక పెద్ద రగడ. 1911లో లెవీ అనే శాస్త్రవేత్త క్లోరోఫామ్ గుండె లయనే చెడగొట్టి చంపగలదని చూపించారు. లారీ అబద్ధమాడలేదు, తాను చూసినంతలో గుండె ఆగడం ముందు జరగలేదు. చూసినంతలో అన్న మాటను చివరి తీర్మానంలోంచి జారవిడిచారు, అంతే.

అన్నీ చెబితే ఎవరూ ఆపరేషన్‌కు ఒప్పుకోరన్నది నేను విన్న మరో జవాబు. మా బంధువుల్లో ఒక నర్సే ఈ మాట అంది. అందులో కొంత నిజముంది. సమ్మతి పత్రాల్లో చావు నుంచి పంటి నొప్పి దాకా ఇరవై ప్రమాదాలు చిన్న అక్షరాల్లో ఉంటాయి, వాటిని చదివి ఎవరూ ఏమీ గ్రహించరు. 2008లో సుప్రీంకోర్టు సమ్మతి గురించి ఇచ్చిన తీర్పు ఈ ఇబ్బందిని గుర్తించింది: చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, గణనీయమైన ప్రమాదాలు రోగికి చెప్పాలి, ఎక్కడో నూటికో కోటికో జరిగే వాటిని చెప్పి భయపెట్టనక్కరలేదు అంది. నాకు ఈ గీత సబబుగానే తోస్తుంది. ప్రశ్న ఏమిటంటే మైట్రల్ వాల్వు సన్నబడి, లయ తప్పి, ఐఎన్ఆర్ 1.4కు దిగిన ఒక మనిషి గుండెలో గడ్డ ఉండటం ఆ గీతకు ఏ పక్కన ఉంటుంది? నూటికో కోటికో పక్కన ఉంటుందని ఏ గుండె డాక్టరూ అనరు. "మామూలు ఎకోలో గడ్డ కనబడలేదు, కానీ వెనక సంచి ఈ పరీక్షలో రాదు, మత్తు ఇచ్చాక చూస్తాం, ఉంటే తీస్తాం, అప్పుడు ప్రమాదం కొంచెం ఎక్కువ" అని ముందు రోజు సాయంత్రం మంచం పక్కన నిలబడి చెప్పడానికి ఒక నిమిషం చాలు. ఆ నిమిషం ఉంటే పది నలభైకి ఇంకో సంతకం అక్కరలేదు, ఆ సంతకం ముందు రోజే, అక్క చేతితోనే పడేది.

ఆ చెప్పడంలో వాడే తెలుగు కూడా చూసుకోవాలి. ఐసీయూలో రెండో రోజు, గొట్టం తీశాక, అక్క నన్ను దగ్గరికి పిలిచి గుసగుసగా అడిగిన మొదటి మాట ఇది: "గడ్డ తీసినమంటున్రు. క్యాన్సర్ గడ్డనారా? నాకు దాస్తున్రా?" రెండు చేతులూ కదిలాయని, కాళ్ల వేళ్లు ఆడించిందని, మాట తడబడలేదని, అంటే పక్షవాతం తప్పిందని మేము బయట ఊపిరి పీల్చుకున్న రాత్రంతా ఆమె ఈ భయంతో పడుకుంది. మా వైపు ఉల్లిపాయ ఉల్లిగడ్డ, బంగాళాదుంప ఆలుగడ్డ. చీముపట్టినా గడ్డే, రొమ్ములో వచ్చినా గడ్డే. రక్తం తోడుకుని గట్టిపడటాన్ని కూడా అదే పేరుతో పిలిస్తే వినేవాళ్లు ఏం ఊహించుకుంటారు? గడ్డపెరుగులోని గడ్డ అని విడమరిచి చెప్పాను. నవ్వబోయి కుట్లు నొప్పి పుట్టి ఆగింది. అప్పటి నుంచి మా పేజీల్లో "గుండెలో గడ్డ" అని వస్తే "గుండెలో గడ్డకట్టిన రక్తం" అని మారుస్తున్నాను. శీర్షికలో రెండు అక్షరాలు ఎక్కువైతే ఇంకేదైనా తీసేస్తాను.

సంచి మూతి కుట్టేయడం మంచిపనేనా అని కూడా వెతికి చదివాను. లయ తప్పిన జబ్బు ఉండి వేరే కారణంతో గుండె ఆపరేషన్ చేయించుకుంటున్న 4,800 మంది దాకా రోగుల మీద జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది: అదే ఆపరేషన్‌లో ఆ సంచిని మూసేసినవాళ్లలో పక్షవాతం, లేదా గడ్డ వేరే అవయవానికి పోవడం 4.8 శాతం మందికి జరిగితే, మూయనివాళ్లలో 7 శాతం మందికి జరిగింది. నెలనెలా సూదిపోటు లేని కొత్త గోలీలు అక్కకు వాడొచ్చు కదా అని బావ అడిగాడు. లోహపు వాల్వు ఉన్నవాళ్లకు అవి పనికిరావు. వాల్వు మార్చని కీళ్లవాత గుండె జబ్బులో కూడా, 4,500 మందికి పైగా రోగులతో 2022లో వచ్చిన పరీక్షలో పాత గోలీలు వాడినవాళ్లే మెరుగ్గా ఉన్నారు. ఇక ఆ పాత గోలీల పనికి అడ్డొచ్చే గోంగూర, తోటకూర పూర్తిగా మానేయనక్కరలేదు, రోజూ ఒక్కలా తింటే చాలని డాక్టరు చెప్పినప్పుడు మాత్రం అక్క మొహంలో వెలుగు వచ్చింది. ఇప్పుడు రాత్రిళ్లు ఇల్లు సద్దుమణిగాక ఆమె పక్కన కూర్చుంటే వాల్వు టిక్కు టిక్కుమనడం వినబడుతుంది. గోడ గడియారం వేరే గదిలోకి మార్చారు.

ఫిబ్రవరిలో ఆరు నెలల పరీక్షకు వెళ్లాం. ఛాతీ మీది నుంచి మామూలు ఎకోనే. రిపోర్టు చేతికిచ్చాక చివరి వరుస చూశాను: "నో క్లాట్". ఎకో చేసిన డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్లి, వెనక భాగం ఈ పరీక్షలో కనబడదు కదా మేడమ్, కనబడలేదని రాయొచ్చు కదా అన్నాను. ఆమె విసుక్కోలేదు. స్క్రీన్ నా వైపు తిప్పి చూపించారు. వరుసగా గడులు, ప్రతి గడి పక్కన టిక్ పెట్టే చోటు. క్లాట్ అన్న గడిలో రెండే ఉన్నాయి, ఉంది, లేదు. "మూడోది లేదండీ, సాఫ్ట్‌వేర్ అలా ఇచ్చారు. మేం టైపు చేసేది పేరు, వయసు మాత్రమే" అన్నారు.

బయట బెంచీ మీద అక్క ఐఎన్ఆర్ పుస్తకంలో ఆ రోజు అంకె రాసుకుంటోంది, 2.8. "ఏమన్నదిరా?" అని అడిగింది. ఏం లేదన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే ఎట్లాగో అనిపించి, రిపోర్టు మోకాలి మీద పరుచుకుని, చివరి వరుస పక్కన పెన్సిల్‌తో "ఛాతీ మీది నుంచి చూసింది" అని రాసి ఫైలులో పెట్టాను.